అధ్యాయం 9: సౌండు తగ్గిస్తే పాట పెరుగుతుంది

కర్నూలు, కడప వైపు ఇల్లు కట్టేవాళ్లు బండకు వెనకాడరు. నేల మీద బేతంచెర్ల బండ, అరలకు కడప బండ, వంటగట్టుకూ అదే. నాలుగు వైపులా సిమెంటు పూసిన గోడలు, పైన స్లాబు. ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటుంది, తుడవడం సులువు, తరాలపాటు చెక్కుచెదరదు. అలాంటి హాల్లోకి లక్షలు పోసి తెచ్చిన స్పీకర్లు దించి పాట పెడితే మాత్రం, షోరూములో విన్న పాట ఇంట్లో వినపడదు. గాయకుడి గొంతు అలుక్కుపోయి ఉంటుంది. బేస్ ఒక మూల దడదడలాడుతుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది.

అప్పుడు మనం చేసే పని ఒకటే: ఇంకోటి కొంటాం. ఆంప్లిఫయరు మారుస్తాం, సబ్‌వూఫరు తెస్తాం, వేలు పెట్టి వైర్లు మారుస్తాం. ఎన్ని మార్చినా గది అదే గది.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే. దిద్దుబాటులో ముప్పాతిక భాగం తగ్గించడమే. తగ్గించి లాభం లేనిదాన్ని జరపాలి. పెంచి బాగుచేయగలిగేది చాలా కొంచెం. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, అంటే డీఎస్పీతో గది ధ్వనిని సరిదిద్దేవాళ్లు ఈ నియమాన్ని రోజూ పాటిస్తారు. దాన్ని మీ హాల్లో చేతులతో చేసి చూడండి, తర్వాత మిగతా పనుల్లోనూ అక్కరకొస్తుంది.

హాలు చేసే రెండు పనులు

మొదటి పని శబ్దాన్ని సాగదీయడం. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న హాలును లెక్కకు తీసుకుందాం. నున్నటి బండ, గట్టి సిమెంటు పూత తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే మింగుతాయి. తక్కిందంతా వెనక్కి కొడతాయి. సామాను లేకపోతే ఆ హాల్లో ఒక చప్పుడు అణగడానికి లెక్క ప్రకారం 3 సెకన్లు దాటుతుంది. పాట హాయిగా వినాలంటే అది అర సెకను దరిదాపుల్లో ఉండాలి.

ఈ లెక్కకు దారి వేసినవాడు వాలెస్ సాబిన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని, 1895లో ఆ యువ అధ్యాపకుడికి పని అప్పజెప్పారు. ఆయన శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, రాత్రిపూట అంతా సద్దుమణిగాక ఆర్గన్ గొట్టం మోగించి, ఆ మోత అణగడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచితో కొలిచాడు. ఎన్ని మెత్తలకు ఎంత తగ్గుతుందో అలా తేలింది. అప్పటి సూత్రమే ఇప్పటికీ ఆధారం. గమనించండి, ఆయన ఉపన్యాసకుణ్ణి గట్టిగా అరవమనలేదు. గదిలో మోత తగ్గించాడు.

హాలు చేసే రెండో పని కొన్ని స్వరాలకు పక్షపాతం చూపించడం. నంద్యాల జిల్లా బెలూం గుహల్లో సప్తస్వరాల గుహ ఉంది. 2006లో దాన్ని సందర్శకులకు తెరిచారు. అక్కడ వేలాడే రాతి ధారలను కొయ్యతో తడితే లోహం మోగినట్టు మోగుతాయి. రాయి అయినా, గోడల మధ్య చిక్కిన గాలి అయినా తన కొలతకు తగ్గ స్వరంలోనే మోగుతుంది. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది. దాన్ని మీటర్లలోకి మార్చిన గది కొలతకు రెట్టింపుతో భాగించండి. 15 అడుగుల పొడవుకు 38 హెర్ట్జ్, 12 అడుగుల వెడల్పుకు 48, 10 అడుగుల ఎత్తుకు 57 వస్తాయి. ఇవీ, వీటి రెట్టింపులూ, మూడింతలూ మీ హాలు సొంత స్వరాలు. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా హాలు కూడా గొంతు కలుపుతుంది.

మామూలు సామాను ఉన్న ఈ హాల్లో సుమారు 200 హెర్ట్జ్ దిగువన పెత్తనమంతా గదిది. అంతకు పైన స్పీకరు నాణ్యత, దాన్ని పెట్టిన చోటు ఎక్కువ తేడా చూపిస్తాయి. ఈ గీత గుర్తుంచుకోండి, డీఎస్పీ దగ్గరికి వచ్చాక దీంతోనే పని.

డబ్బు తీయకముందు చెవితో మూడు పరీక్షలు

హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. 'ఠప్' అని ఆగిపోతే మంచిది. 'ఠప్ర్ర్ర్' అని వణికితే, ఎదురెదురు గోడలు శబ్దాన్ని ఒకదానికొకటి విసురుకుంటున్నట్టు.

రెండోది స్వరం పట్టుకుని నడవడం. ఫోనులో ఒక టోన్ జనరేటర్ యాప్ వేసుకుని స్పీకర్లకు కలపండి. సౌండు తక్కువగా ఉంచి 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ పోండి. ఒక్కసారిగా ఉబ్బే స్వరం దొరికితే అక్కడ ఆగి, గోడ దగ్గర్నుంచి ఎదురు గోడ దాకా నడవండి. గోడ పక్కన చెవులు నిండిపోయే మోత మధ్యలోకి వచ్చేసరికి దాదాపు లేకుండా పోతుంది. మీటలేవీ తిప్పకుండా, నాలుగడుగులకే అంత తేడా. గది గురించి వంద పేజీలు చదివినా నమ్మనివాళ్లు ఈ నడకతో నమ్ముతారు.

మూడోది ఇంట్లో సామాను పరీక్ష. బీరువా తలుపు, కిటికీ అద్దం, కడప బండ అర మీద స్టీలు గిన్నెలు బేస్‌కు తోడు మోగుతాయి. వంటింట్లోంచి అమ్మ "నాయనా, గిన్నెలన్నీ అదురుతాండాయిరా" అని కేకేస్తే విసుక్కోకండి. అప్పుడు మోగుతున్న స్వరం ఎంతో చూసి రాసుకోండి. గిన్నెల కింద ఒక గుడ్డ, బీరువా తలుపు సందులో మడిచిన అట్టముక్క పెట్టడంతో తీరే బాధకు ఏ ఫిల్టరూ అక్కర్లేదు.

మొదటి మందు: జరపడం

స్పీకరు ముందు భాగం వెనక గోడకు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలవండి. గోడకు కొట్టుకుని తిరిగొచ్చే శబ్దం నేరుగా వచ్చే శబ్దానికి ఎదురు తిరిగే స్వరం ఒకటి ఉంటుంది. రెండడుగుల దూరానికి అది సుమారు 143 హెర్ట్జ్, నాలుగడుగులకు సుమారు 71. అక్కడ పాటలో గుంట పడుతుంది. మగ గొంతులోని నిండుదనం 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య చాలా ఉంటుంది కాబట్టి, రెండడుగుల దగ్గర పెట్టిన స్పీకరు ఘంటసాల గొంతును కూడా పలచన చేయగలదు. అడుగు ముందుకో వెనక్కో జరిపి వినండి. రెండు స్పీకర్లూ పక్క గోడలకు సమాన దూరంలో ఉండాలి.

మీ కుర్చీ వెనక గోడకు ఆనించకండి, అక్కడ గది స్వరాలన్నీ ఉబ్బుతాయి. సరిగ్గా మధ్యలోనూ వద్దు, అక్కడ మొదటి స్వరం మాయమవుతుంది. 15 అడుగుల హాల్లో వెనక గోడ నుంచి ఐదారడుగులు ముందుకు రావడం మంచి ఆరంభం.

పాత మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ సరిగ్గా ఒక్క చోట నిలబడాలి. ఒక పక్కకు లాగుతుంటే దూరాల్లో తేడా ఉంది, లేదంటే ఒక పక్క గోడ, ఇంకో పక్క తెరిచిన వాకిలి ఉన్నాయి.

రెండో మందు: నూలు, దూది, ఉన్ని

పాత మట్టి మిద్దెల్లో రేడియో పెట్టినా గొంతు తేటగా ఉండేదని పెద్దలు అంటారు. కారణం వెతకడం కష్టమేమీ కాదు. పైన దూలాలు, దంతెలు ఎగుడుదిగుడుగా ఉండి శబ్దాన్ని చెదరగొట్టేవి. ఒక మూల బుడ్డల మూటలు, ఇంకో మూల పరుపుల దొంతర, దండెం మీద బొంతలు ఉండేవి. బండల హాలు కట్టుకున్నాం, ఆ మెత్తని సామానంతా గదుల్లోకి, అటకల మీదికి పోయింది. దాంట్లో కొంత వెనక్కి తెచ్చుకోవాలి.

ఆదోని పత్తికి పేరున్న మార్కెట్. దూదిపరుపు దొరకని ఊరు మన జిల్లాల్లో లేదు. బాగా ఏకించిన నాలుగంగుళాల దూదిపరుపును బట్ట చుట్టి, గోడకు నాలుగంగుళాలు ఎడంగా నిలబెడితే సుమారు 250 హెర్ట్జ్ నుంచి పైకి గట్టిగా పనిచేస్తుంది. స్పీకరు శబ్దం పక్క గోడకు తగిలే చోట ఒకటి పెట్టండి. ఆ చోటు కనుక్కోవడం తేలిక: మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే పరుపుకు చోటు. నేల మీద జంఖానా, స్పీకర్ల వెనక గోడకు మందపాటి పరదా, సోఫా మీద కంబళి కూడా కలిస్తే ఆ సాగుడు చాలావరకు దిగుతుంది.

వీటి హద్దు కూడా తెలియాలి. 40 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 29 అడుగులు. మెత్తని సరుకుతో దాన్ని బాగా మింగించాలంటే అందులో నాలుగో వంతు, అంటే ఏడడుగుల మందం కావాలి. గుడ్ల అట్టలు, అరంగుళం ఫోము అంటించి బేస్ తగ్గిందనుకోవడం మనసుకు చెప్పుకునే మాటే. అవి పైస్థాయి మెరుపును మాత్రం చంపి, అడుగున మోతను అలాగే వదిలేస్తాయి. అప్పుడు గది ముందుకన్నా మొద్దుబారుతుంది. 200 హెర్ట్జ్ దిగువన నూలు చేతులెత్తేసిన చోటే డీఎస్పీకి అసలు పని ఉంది.

మూడో మందు: మైకు

ఇక కొలత. యూఎస్‌బీ కొలత మైకు ఒకటి కావాలి. మినీడీఎస్పీ వాళ్ల యూమిక్-1 చాలామంది వాడేది, ఒక్కో మైకుకు దాని సొంత కాలిబ్రేషన్ ఫైలు ఇస్తారు. లాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ వేసుకోండి. జాన్ మల్కాహీ రాసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే వాడుకోవచ్చు. అది అడుగు స్థాయి నుంచి పైదాకా ఒక స్వరాన్ని జారుస్తూ మోగించి, మైకు విన్నదాన్ని గీతగా గీస్తుంది. ఆ గీతలో ఎత్తులు గది ఉబ్బించిన స్వరాలు, లోతులు గది మింగిన స్వరాలు.

కొలిచేటప్పుడు ఫ్యాను ఆపండి. రెక్కల గాలి మైకును కొట్టి కింది స్థాయి కొలతను పాడుచేస్తుంది. కూలరు, ఫ్రిజ్ కూడా ఆ కాసేపు ఆపితే మేలు. ఊరు పడుకున్నాక కొలవడం సాబిన్ కాలం నుంచీ ఉన్న పద్ధతే. మైకు మీ చెవి ఎత్తులో, సోఫా వీపుకు దూరంగా ఉండాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోకండి. తల చుట్టూ, పక్కన కూర్చునేవారి తల చుట్టూ జానెడు జానెడు జరుపుతూ కొలిచి సగటు తీయండి. 3000 హెర్ట్జ్ అల పొడవు నాలుగున్నర అంగుళాలే. తల కాస్త తిప్పితేనే అక్కడ గీత మారిపోతుంది. ఒక్క బిందువు దగ్గర గీతను తీర్చిదిద్దితే పాట మైకుకు బాగుంటుంది, మీకు కాదు.

నాలుగో మందు: డీఎస్పీ

కంప్యూటరులో పాటలు వినేవాళ్లకు ఈక్వలైజర్ ఏపీఓ ఉచితంగా దొరుకుతుంది. విడిగా పెట్టెలూ ఉన్నాయి. హోమ్ థియేటర్ రిసీవరు ఉంటే అందులోనే ఒక పద్ధతి ఉంటుంది: డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధనల నుంచి పుట్టిన ఆడిస్సీ, యమహాలో వైపావో, మరికొన్నిట్లో స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చిన డిరాక్. పేరు ఏదైనా పని ఒకటే. గది చేసే మార్పును కొలిచి, దానికి విరుగుడు మార్పును పాటకు ముందే చేసి స్పీకరుకు పంపడం.

చేత్తో చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. గీతలో 48 హెర్ట్జ్ దగ్గర చుట్టుపక్కల కన్నా 9 డెసిబెల్ ఎత్తు కనిపించిందనుకోండి. పారామెట్రిక్ ఈక్వలైజరుకు మూడు మాటలు చెప్పాలి: ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున. 48 హెర్ట్జ్, మైనస్ 7 డెసిబెల్, వెడల్పును చెప్పే క్యూ విలువ 5. మళ్లీ కొలవండి. ఎత్తు దిగుతుంది. దాంతోపాటు ఆ స్వరం వెనక సాగే మోత కూడా కురచవుతుంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ వినండి. ఇంతకుముందు ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ కలిసిపోయేది, ఇప్పుడు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. పాటకు మనం ఏదీ కలపలేదు. అడ్డం వచ్చింది తీసేశాం.

మూడు హద్దులు పెట్టుకోండి. ఒకటి, దిద్దుబాటును ముఖ్యంగా 200 హెర్ట్జ్ లోపలే ఉంచండి. పైన చేయి పెడితే వెడల్పాటి, మెత్తని సవరణలే చేయండి. రెండు, గీత బల్లపరుపుగా ఉండాలని పట్టుబట్టకండి. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ శ్రోతలతో చేసిన పరీక్షల్లో ఎక్కువమంది మెచ్చింది బేస్ నుంచి పైకి మెల్లగా వాలే గీతనే. మూడు, నాలుగైదు ఎత్తులు దించాక ఆగండి.

ఎండాకాలం సవరణ

పుస్తకాల్లో గది వేడి 20 డిగ్రీలని రాసి ముందుకు పోతారు. మన ఊళ్లకు ఆ లెక్క సరిపోదు. 20 డిగ్రీల్లో సెకనుకు 343 మీటర్లు పోయే శబ్దం 40 డిగ్రీల్లో 355 మీటర్లు పోతుంది. దాంతో గది స్వరాలన్నీ నూటికి మూడున్నర వంతు పైకి జరుగుతాయి. డిసెంబరు రాత్రి 75 హెర్ట్జ్ దగ్గర దొరికిన ఎత్తు మే నెల మధ్యాహ్నం 78 దగ్గర కూర్చుంటుంది. 113 దగ్గర ఉన్నది 117 దాకా పోతుంది. సన్నటి ఫిల్టరు పెట్టినవాడి కత్తెర అప్పుడు గాలిలో ఆడుతుంది. అందుకే క్యూ విలువను పది దాటనివ్వకండి, చలికాలానికి ఒకటి, ఎండలకు ఒకటి చొప్పున రెండు కొలతలు దాచుకోండి. ఏసీ వేసుకుని వినేవాళ్లు ఏసీ వేసి గది చల్లబడ్డాక కొలిచి, కొలిచేటప్పుడు మాత్రం దాన్ని ఆపితే చాలు.

ఎండిన బోరుకు పెద్ద మోటారు

ఇప్పుడు గీతలోని లోతుల సంగతి. 71 హెర్ట్జ్ దగ్గర 15 డెసిబెల్ గుంట కనిపిస్తే, అంత పెంచేస్తే పోలేదా అనిపిస్తుంది. 10 డెసిబెల్ పెంచాలంటే ఆంప్లిఫయరు పది రెట్లు శక్తి ఇవ్వాలి. 20 వాట్లు సరిపోయే చోట 200 వాట్లు. అంతా పోసినా గుంట పూడదు. ఎందుకంటే అక్కడ నేరుగా వచ్చే శబ్దాన్ని గోడ నుంచి వచ్చే శబ్దం కొట్టేస్తోంది. మీరు ఒకటి పెంచితే రెండోదీ అంతే పెరుగుతుంది. స్పీకరు వేడెక్కుతుంది, పక్క గదిలో గోడలు అదురుతాయి, మీ కుర్చీలో మాత్రం ఏమీ మారదు. రాయలసీమ రైతుకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. నీళ్లు లేని బోరుకు ఐదు హెచ్‌పీ తీసి పది హెచ్‌పీ మోటారు దించితే కరెంటు కాలుతుంది, నీళ్లు రావు. పాయింటు మారాలి. గుంటకు మందు జరపడమే: స్పీకరునో, కుర్చీనో, సబ్‌వూఫరునో.

గది కలిపేసిన మోతను వెనక్కి తీయడం ఎంత కష్టమో శబ్ద పరిశోధకులకు తెలుసు. ఐఐటీ మద్రాసులో, తర్వాత హైదరాబాదు ఐఐఐటీలో పనిచేసిన ఆచార్య బి. యజ్ఞనారాయణ, పి. సత్యనారాయణమూర్తితో కలిసి 2000లో, ప్రతిధ్వనిలో మునిగిన మాటను మెరుగుపరిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులోనూ కీలకం తూకమే: అసలు మాట బలంగా ఉన్న చోట్లకు ఎక్కువ తూకం, ప్రతిధ్వని ముంచేసిన చోట్లకు తక్కువ తూకం. పోయినదాన్ని బలవంతంగా పుట్టించే ప్రయత్నం అక్కడా లేదు.

ఎత్తుకూ గుంటకూ ఉన్న ఈ తేడా తెలిస్తే చాలా పనుల్లో డబ్బు, ప్రాణం మిగులుతాయి. మన చిక్కుల్లో కొన్ని ఎత్తులు, కొన్ని గుంటలు. చదువు సాగని పిల్లాడికి ఇంకో రెండు గంటలు ట్యూషన్ పెట్టేముందు, వాడి రోజులో ఉబ్బిపోయింది ఏదో చూడండి. ఫోనైతే తగ్గించండి. అది కాకుండా, వాడు కూర్చుని చదివే చోటే టీవీ ముందైతే ఎన్ని గంటలు కలిపినా అదే ఫలితం. చోటు మార్చండి. గంటలు పెంచడం ఈ రెండూ అయ్యాక ఆలోచించాల్సిన సంగతి.

ఈ వారం చేయాల్సిన పని

1. చప్పట్టు, స్వరం నడక, గిన్నెల పరీక్ష చేసి, ఉబ్బే స్వరాలను కాగితం మీద రాయండి. గది కొలతలతో లెక్కవేసిన స్వరాలతో పోల్చండి.

2. స్పీకర్లను అడుగు, కుర్చీని రెండడుగులు జరిపి, మూడు రోజులు అలాగే వినండి. నేల మీద సున్నపు గుర్తులు పెట్టుకుంటే వెనక్కి రావడం సులువు.

3. ఇంట్లో ఉన్న పరుపు, బొంత, జంఖానాతోనే ప్రయత్నించండి. కొత్తవి కొనకండి.

4. అప్పుడే మైకు తెప్పించండి. నాలుగైదు ఎత్తులకు మించి ముట్టుకోకండి, ఏ స్వరాన్నీ 3 డెసిబెల్‌కు మించి పెంచకండి.

5. చివరి పరీక్ష మీది కాదు. ఫిల్టర్లు వేసినప్పుడు, తీసినప్పుడు సౌండు సమానంగా ఉండేలా సర్దండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించిందే మంచిదనిపించడం మనిషి చెవికి సహజం. ఇంట్లో ఈ గొడవ ఏదీ పట్టనివారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఒకే పాటను రెండు విధాలా వినిపించండి. నాలుగైదు సార్లు వరస మార్చి అడగండి. ఫిల్టర్లు లేనిదే బాగుందని వాళ్లు మళ్లీ మళ్లీ అంటే, గీత ఎంత అందంగా ఉన్నా ఆ ఫిల్టర్లు తీసేసి, రెండో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.